నాయన కప్పు వేసిన గ్రీకు గుడి

మొన్న ప్రొద్దుటూరు బస్టాండు పక్కన ఎవరో గోడకు పోస్టరు అంటిస్తుంటే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా గంజి వాసన వచ్చింది. దసరా ముందు నెలరోజులూ మా ఇల్లంతా అదే వాసన. మా నాయన అమ్మవారి పందిళ్లకు సెట్టింగులు వేసేవాడు, కోటో కైలాసమో ఏదడిగితే అది. వానలు వెనకబట్టి ఎండ సుర్రుమనే ఆ రోజుల్లో, మిద్దె మీద ఆరబెట్టిన కాగితపు ఏనుగుల మధ్యే మేం అలసంద వడలు తిన్నాం, దాగుడుమూతలాడాం, తన్నులూ తిన్నాం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కువైట్ నుంచి వచ్చిన పక్కింటాయన తెచ్చిన క్యాలెండర్లో గ్రీసు దేశపు పాత గుడి బొమ్మ చూసి, పందిరి కమిటీ పెద్దాయన ఈసారి అదే కావాలన్నాడు. నాయన ఖాళీ తారు డబ్బాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, చుట్టూ వెదురు బద్దలు నిలువుగా కట్టి, గోనెపట్ట చుట్టి ప్లాస్టర్ పూస్తే అచ్చం ఆ గీతల స్తంభాలే తయారయ్యాయి. అంతవరకూ బాగానే ఉంది. బొమ్మలో గుడికి కప్పు లేదు, స్తంభాలు కొన్ని విరిగిపోయి ఉన్నాయి. నాయన మాత్రం అన్నీ నిండుగా నిలబెట్టి, కప్పు వేసి, ఎరుపూ నీలమూ దట్టంగా కొట్టేశాడు. ఫోటోలో ఉన్నట్టు లేదని పెద్దాయన మండిపడ్డాడు.

“కప్పు లేని ఇంట్లో అమ్మోరిని యాడ కూర్చోబెట్టల్ల మామా?” అన్నాడు నాయన.

మార్చడానికి వ్యవధి లేక అట్లాగే వదిలేశారు. జనం విరగబడి చూశారు. చూడనిది మా అమ్మ ఒక్కతే. అప్పుడే చెల్లెలు పుట్టింది, కాన్పు కష్టమై అమ్మ జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉంది, పండగైన మూడో రోజున ఇంటికి పంపిస్తామన్నారు. అంతదాకా గుడి పీకొద్దని, ఎవరినీ ఏదీ అడగని మా నాయన పెద్దాయనింటికి పోయి బతిమాలాడు.

“నీ ఇష్టమొచ్చినట్టు కట్టినావు గదా. నా ఇష్టమొచ్చినప్పుడు పీకిస్తా,” అన్నాడు పెద్దాయన.

అమ్మ చెల్లెల్ని ఎత్తుకుని బస్సు దిగేసరికి అక్కడ గుంతలే మిగిలాయి. ఫోటో తీయించాలని ఎవరికీ తోచలేదు. ఆ పెద్దాయన మీద నా కోపం ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు సెట్టింగులు లారీల్లో రెడీమేడ్‌గా దిగుతాయి. నాయన లేడు, ఆ పెద్దాయనా లేడు. పోయిన వారం ఫోన్లో ఒక వీడియో కనబడింది. అమెరికాలో ఒక నగరం ఇదే గుడిని కప్పుతో సహా నిండుగా కట్టుకుంది, లోపల బంగారు పూత పూసిన దేవత. మొదట ఏదో ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా కట్టారట, తర్వాత పీకేయడానికి ఊరివాళ్లకు మనసొప్పక గట్టిగా మళ్లీ కట్టుకున్నారట. అమ్మకు చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది.

“మీ నాయనది ఇట్లనే ఉండెనా?” అని అడిగింది.

ఇంతకంటే బాగుండేదని, దానికి రంగులుండేవని చెప్పాను. ఏ రంగు ఎక్కడ వేశాడో చెప్పమంది.

ఎరుపు ఎక్కడో, నీలం ఎక్కడో నాకు గుర్తు లేదు.