పెన్‌డ్రైవ్‌లో చివరి పాట

రేపల్లె బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసేసరికి నేను తెనాలి స్టేషన్లో ఉన్నాను. ఆయన ముందురోజు పంపిన పాటే చెవుల్లో మోగుతోంది. నిద్రలోనే గుండె ఆగిందట. పిన్ని పెట్టేయగానే ఫోన్ తనంతట తానే ఆ పాటను ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది. ఆపాలని కూడా తోచలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇక లేని మనిషి వినమన్న పాటను చివరిదాకా విన్నాను.

బాబాయి మా నాన్నకు తమ్ముడు. రేపల్లెలో చిన్న సెల్ రిపేరు కొట్టు ఆయనది. ఆటోవాళ్ళు, ట్రాక్టరువాళ్ళు, నిజాంపట్నం బోట్లవాళ్ళు పెన్‌డ్రైవ్‌లు తెచ్చి పాటలు ఎక్కించుకుని పోయేవాళ్ళు. అడిగినవన్నీ ఎక్కించి, చివర అడగని పాట ఒకటి కలిపేవాడు. సినిమా పాట కాదు. ఎక్కడో ఒక గదిలో నలుగురు పిల్లలు గిటార్లూ డ్రమ్ములూ పెట్టుకుని, సొంతంగా కట్టి, సొంతంగా విడుదల చేసుకున్న కొత్త పాట. ముందే వాళ్ళకు మెసేజ్ పెట్టి, మా బోట్లవాళ్ళకు ఇవ్వచ్చా అని అడిగేవాడు. కాదన్నవాళ్ళు తక్కువ. తమ పాట సముద్రం మీదికి వెళ్తుందంటే ఎవరికి చేదు?

నాకైతే వాయిస్ మెసేజ్‌లు. "అమ్మడూ, విశాఖ పిల్లలది కొత్తది వచ్చింది. మొదట్లో కాస్త ఓర్చుకో, డ్రమ్ములు ఆలస్యంగా వస్తాయి." ఇంకోసారి, "ఇందులో అరుపులున్నాయి. పిన్ని ముందు పెట్టకు, ఇద్దర్నీ కలిపి తిడుద్ది." రాక్ అనీ పాప్ అనీ ఎన్నడూ అనలేదు. ఈ పిల్లలకి కోపం ఎక్కువ, వీళ్ళకేదో దిగులు, వీళ్ళు ఊరికే సంతోషంగా ఉన్నారు. అంతే ఆయన చేసే విభజన. అంతకంటే పనికొచ్చే సమీక్ష నేనెక్కడా చదవలేదు.

ఒకసారి నేను కొట్టులో ఉండగా ఓ బోటు యజమాని విసురుగా వచ్చాడు.

"ఏంటి తమ్ముడూ, నేనడిగింది పాత పాటలు. చివర ఎవడో ఏడుస్తున్నాడేంటి?"

"ఏడుపు కాదన్నా, పాడుతున్నాడు. తీసెయ్యమంటావా?"

ఆయన కాసేపు నసిగాడు. "ఉండనీలే. మా కుర్రోళ్ళు వల లాగేటప్పుడు అదే పెట్టమంటున్నారు."

ఆయన వెళ్ళాక, ఎందుకు బాబాయ్ నీకీ తిట్లు అని అడిగాను.

"ఆ పిల్లల పాట వాళ్ళ స్నేహితులు ఎట్టాగూ వింటారమ్మా. పరాయి మనిషి ఒక్కడైనా వినాలి కదా," అన్నాడు.

ఆ పరాయి మనిషే నాకూ కావలసి వచ్చాడు. బాపట్లలో మేం నలుగురం కాలేజీ రోజుల నుంచీ ఒక మేడమీది గదిలో వాయించుకుంటున్నాం. పాడేది నేను. ఈమధ్యే మా మొదటి పాట విడుదల చేశాం. విన్నవాళ్ళంతా మావాళ్ళే కనుక అందరూ అద్భుతమన్నారు. బాబాయి మాత్రం, "బాగానే ఉందమ్మడూ," అన్నాడు. పెళ్ళి భోజనం గురించి ఆ ముక్క అంటే వంటవాడు తలెత్తుకోలేడు.

"పెన్‌డ్రైవ్‌లలో పెడతావా మరి?" అన్నాను ఉండబట్టలేక.

"ఇంకోసారి విననీ. ఇంజను మోతలో కూడా నిలబడాలి కదా."

ఉక్రోషం వచ్చింది. కానీ మొహమాటానికి ఆయన ఏ పాటా పెట్టడని తెలిసే కదా నాకు ఆయన మాట అంత కావలసింది. ఆ ఇంకోసారి విన్నాడో లేదో చెప్పకుండానే పోయాడు.

ఆ రోజు నుంచి నా చెవులు కుదురుగా లేవు. మా తెనాలి మార్కెట్లో ఆగిన ఆటోలోంచి, చుండూరు వైపు వెళ్ళే ట్రాక్టరులోంచి, ఆయన కలిపిన పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. సినిమా పాట అయిపోతుంది, హఠాత్తుగా ఓ తెలియని గిటారు మొదలవుతుంది, నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పోయినవాళ్ళు కొన్నాళ్ళు ఊళ్ళో తిరుగుతారని ఎవరైనా అంటే ఇదివరకు నవ్వేదాన్ని. ఇప్పుడు నడిరోడ్డు మీద ఆగిపోయి, మాదేనేమోనని ఊపిరి బిగపడుతున్నాను. ప్రతిసారీ ఇంకెవరిదో. కొట్టులో కంప్యూటర్ తెరిస్తే తెలిసేదే. ఆ తాళం తీయడానికి పిన్నికి మనసు రాలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు.

పెద్దకర్మ అయ్యాక రేపల్లెలో బస్సు తప్పిపోయి, తెనాలి వెళ్ళే ఆటో ఎక్కాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు.

"మీ బాబాయి గారు పోయే ముందురోజే ఎక్కించారండి ఈ పాటలు. ఆయన ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఇదే ఆఖరుదేమో," అన్నాడు.

మా పాట పెట్టి ఉంటే ఇందులోనే ఉండాలి. చివరి పాట పెట్టమని అడగొచ్చు. అడిగితే తేలిపోతుంది. అందుకే అడగలేదు. భట్టిప్రోలు దాటాం, వేమూరు దాటాం, పాటలు ఒకటొకటే అయిపోతున్నాయి. జంపని దగ్గర చివరిది మొదలైంది. గిటారు, తర్వాత ఒక అమ్మాయి గొంతు.

నాది కాదు.

కళ్ళు మండాయి. బాబాయ్, ఒక్కసారి మొహమాటపడితే నీ సొమ్మేం పోయింది అనుకున్నాను. అలా అనుకుంటూనే వింటున్నాను. అంత మోతలోనూ ఆ అమ్మాయి పాడే ప్రతి మాటా తేటగా వినిపిస్తోంది. నా గొంతు అలా వినిపించేది కాదు. ఆయన చెప్పకుండా పోయిన జవాబు అదేనని అర్థమైంది. బాధేసింది. పాట మాత్రం నిజంగా బాగుంది.

"ఇది మీరడిగింది కాదు కదండీ?" అన్నాను.

"కాదండి. తీయించేద్దామనుకున్నాను. ఇప్పుడెవరు తీస్తారండి?"

"ఉంచండి. ఇంకోసారి పెట్టండి."

తెనాలిలో నేను దిగాక ఆటో మరో ఇద్దరిని ఎక్కించుకుంది. పాడిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు. తన పాటను ఎంచుకున్న మనిషి పోయాడని ఆమెకూ తెలియదు. ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయిన తర్వాత కూడా ఆమె గొంతు కాసేపు వినిపించింది.