మోటారుకు పట్టిన చీమలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఎక్కువ తిట్లు తిన్నది ఒక్క మా బాపు పడవ మోటారే. నవీపేట దగ్గర గోదావరి ఒడ్డున మా ఊరు. మా వైపు గోదావరిని గంగ అంటారు, నాన్నను బాపు అంటారు. బాపు గంగలో చేపలు పట్టేవాడు. ఎవరో వాడి వాడి వదిలేసిన ఆ మోటారును పడవ వెనక బిగించిన నాటి నుంచి మా ఇంట్లో ప్రశాంతంగా ముద్ద దిగిన రోజు లేదు. తాడు పదిసార్లు లాగితే గాని అంటుకోదు. అంటుకుంటే ఊరంతా ఉలిక్కిపడుతుంది. అయినా బాపు దాన్ని వదల్లేదు. తెడ్డు వేసీ వేసీ ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది మరి.

ఆ మోటారు ఎలా చల్లబడుతుందో నాకు కంఠతా వచ్చు, ఆ పాఠం అన్నిసార్లు విన్నాను. అడుగున జాలీలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. ఒక చిన్న రబ్బరు చక్రం వాటిని పైకి తోస్తుంది. అవి సన్నని దారుల్లో తిరిగి వేడిని తీసుకొని బయటికి పోతాయి. కొన్ని మాత్రం వెనకున్న చిన్న బెజ్జంలోంచి ధారగా పడతాయి. ధార పడుతుంటే అంతా బాగున్నట్టు. ఆగిందంటే మోటారును వెంటనే ఆపాలి, లేదంటే లోపల కాలి బిగుసుకుపోతుంది.

ఒక ఎండాకాలం గంగలో నీళ్ళు తగ్గాక, బాపు మోటారును ఇంటికి తెచ్చి మేస్త్రీ మామ చేత కొత్త రబ్బరు చక్రం వేయించాడు. మామ బాపుకు చిన్ననాటి నేస్తం. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంజన్లన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. నడిపి చూడాలంటే నీళ్ళ డ్రమ్ము కావాలి. బోధన్‌లో ఉండే బాపు తమ్ముడు, మా కాక, బర్రెల కుడితిలో కలపడానికి బెల్లపు మడ్డి తెచ్చుకునేవాడు. నల్లగా, జిగటగా, ముదురు పాకంలా ఉండేది. ఆ మడ్డి అయిపోయిన డ్రమ్ము ఒకటి మా ఇంటికి వచ్చింది. దాన్ని బూడిద వేసి, పీచుతో తోమి, నీళ్ళు నింపే పని నాకు పెట్టారు. బయట నా తోటివాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. నేను రెండు బిందెలు కుమ్మరించి, డ్రమ్మును ఒకసారి దొర్లించి, కడిగానని చెప్పి, నీళ్ళు నింపి పరుగెత్తాను. అడుగున మడ్డి అంటుకునే ఉంది. నీళ్ళు ఎర్రగా ఉంటే తుప్పు అనుకున్నారు పెద్దవాళ్ళు. మోటారు నడిచింది, ధార పడింది, అందరూ సంతోషించారు. దానికి గోనెసంచి కప్పి వసారాలో పెట్టారు.

వానలు పడి గంగ నిండాక అసలు కథ మొదలైంది. బాపు పడవ తీశాడు, ధార లేదు. ఆ భుజంతోనే తెడ్డు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. జాలీకి నాచు పట్టిందేమోనని కడిగాడు. మళ్ళీ పోయాడు, మళ్ళీ తెడ్డుతో వచ్చాడు. రబ్బరు చక్రం విప్పి చూశాడు. అది కొత్తగానే ఉంది. బెజ్జంలో సైకిల్ పుల్ల పెట్టి పొడిచాడు. పుల్ల వేలెడు దూరం పోయి ఆగింది. నాలుగు రోజులు ఇదే తంతు. "దీన్ని గంగల ఇడిసిపెడ్త" అని రోజూ అనేవాడు, రోజూ ఎడమ భుజాన వేసుకొని ఇంటికే తెచ్చేవాడు. ఆయన విసుగు మా అందరి మీద పడింది. కూరలో ఉప్పు ఎక్కువైందని, తక్కువైందని ఒక్క పూటలోనే రెండూ అన్నాడు.

ఐదో రోజు ఆ కోపం మేస్త్రీ మామ మీదికి మళ్ళింది. "నడిపి చూసేటప్పుడే లోపల ఏదో చెడగొట్టిండు. చెప్పకుండ దాసిపెట్టిండు" అని ఛాయ్ హోటల్లో నలుగురి ముందు అనేశాడు. ఆ మాట విని మామ ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "బావా, నేను సూసినప్పుడు ధార మంచిగనే పడ్డది" అన్నాడు. బాపు లోపలికి రమ్మనలేదు. చేతి పనినే నమ్ముకున్న మనిషికి పేరు పోతే ఇంకేం మిగులుతుంది? నాకు అప్పటికి అంత తెలియదు. మామ తల దించుకొని పోవడం మాత్రం చూశాను.

మర్నాడు పొద్దున వసారాలో మోటారు బెజ్జం దగ్గర ఎర్రచీమల బారు కనిపించింది. చీమలు పట్టాయంటే లోపల మడ్డి ఉన్నట్టే. ఏం జరిగిందో ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. గబగబా లంగా అంచుతో చీమల్ని తుడిచేశాను. అవి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తుడిచాను. చీమల మీద అంత కోపం నాకు జన్మలో ఎప్పుడూ రాలేదు. మూడోసారి తుడుస్తుంటే వెనక మా అవ్వ ఉంది. అవ్వ అంటే మా బాపు తల్లి.

అవ్వ నా పక్కన కూర్చుంది. "బిడ్డా, పాకం గిన్నె ఎండితే ఎట్ల కడుగుతరు?" అంది. వేడి నీళ్ళతో అన్నాను. "అయితె పొయ్యి అంటువెట్టు" అంది.

మోటారును బెజ్జం పైకి వచ్చేలా తిప్పి, గరాటా పెట్టి, నా చేతనే వేడి నీళ్ళు పోయించింది. నాలుగు చెంబులు పైకే పొంగాయి. నా వేళ్ళు చుర్రుమన్నాయి. చాలాసేపు నాననిచ్చి ఐదో చెంబు పోస్తే, నీళ్ళు గుటుక్కున లోపలికి దిగి, అడుగు నుంచి నల్లగా కారాయి. చప్పుడుకు బాపు వచ్చాడు. ఆ నీళ్ళు వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. "తియ్యగున్నది" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. అవ్వ వైపు చూశాడు. అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ తల ఎత్తలేదు. తనకు తెలిసిందంతా ఒక్క ముక్కలో చెప్పెయ్యగలదు. చెప్పలేదు. ఆ మాట నా కోసం వదిలిపెట్టింది.

డ్రమ్ము నేనే సరిగ్గా కడగలేదని చెప్పాను. బాపు నన్ను తేరిపార చూశాడు. కొడతాడనుకున్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని, "నడువు. గీ ముచ్చట మామ ఇంట్ల గూడ చెప్పు" అన్నాడు. నేను బయటికి అడుగు వేస్తుంటే అవ్వ నా చేతికి వెన్న రాసింది. "పచ్చిగున్నప్పుడు సల్లనీళ్ళకే పోతుండె బిడ్డా. ఎండనిస్తివి, గింత మంట పెట్టాల్సొచ్చె" అంది.

మామ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన బాపు వైపు తిరిగి, "నన్నొక్క మాట అడిగితె అయిపోతుండె గద బావా" అన్నాడు. బాపు మామను ఛాయ్ హోటలుకు తనే వెంటబెట్టుకొని పోయాడు. ఎవరి ముందు అన్నాడో వాళ్ళ ముందే తప్పు తనదని ఒప్పుకున్నాడు. నా పేరు ఎత్తలేదు.

ఇప్పుడు నిజామాబాద్‌లో నా కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మొన్న ఎండల్లో నీళ్ళు చూసుకోకుండా కూలర్ నడిపి, దాని పంపు కాల్చేశాను. నా కొడుకు ఫోన్ తీసి, ఈ మధ్యే దాన్ని రిపేరు చేసిన అబ్బాయిని తిట్టడానికి సిద్ధమయ్యాడు. నోరు మూసుకొని కూర్చోవడం ఎంత సులువో నాకు బాగా తెలుసు. "ఆ పిల్లగాన్ని ఏమనకు, కాల్చింది నేనే" అన్నాను. కొడుకు నన్ను అచ్చం మా బాపు చూసినట్టే చూశాడు. ఒప్పుకోవడం ఈ వయసులోనూ నాకు చేదుగానే ఉంటుంది. అయినా చీమలు రాకముందే చెప్పేస్తాను.