మూరెడు ఫిల్ము

సార్ ఒక్క పని మీద కుదురుగా ఉండే మనిషి కాదు. పొద్దున బొమ్మలు గీసేవారు, మధ్యాహ్నం తుక్కు ఇనుముతో ఏవో ఆకారాలు అతికేవారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే సినిమా తీసేవారు. వాటిలో కథ ఉండదు, మాట ఉండదు. నాంపల్లిలో ఆయన కిరాయి గదిలో ఫిల్ము కత్తిరించి అతికించే పని నాది. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, పొగరు మాత్రం నలభై ఏళ్లకు సరిపడా.

ఒకసారి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నడిచే జనాన్ని తీశారు. ఆయన నియమం ఒకటే: ఎవరూ కెమెరా వంక చూడకూడదు, చూస్తే ఆ ముక్క తీసెయ్యాలి. ఆ జనంలో మా అక్క కూడా పోస్టాఫీసు వైపు పోతోంది. కెమెరా పక్కన నిలబడ్డ నా గొంతు విని వెనక్కి తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"గా అమ్మాయిని ఉండనియ్యిరా, మంచిగుంది," అన్నారు సార్, గదిలో ఫిల్ము వేసి చూస్తూ.

మా అక్క అని చెప్పలేదు. చెబితే సిఫారసు అనుకుంటారని నా భయం. "రూలంటే రూలే సార్," అని మూరెడు ఫిల్ము కత్తిరించి చెత్తడబ్బాలో వేశాను. గురువును మించిపోయానని ఆ రోజంతా ఒకటే సంబరం.

ఆ మరుసటి వానాకాలం అక్క జ్వరంతో పోయింది. అప్పటికి తన పాపకు ఆరు నెలలు. ఇంట్లో మిగిలినవి బిగుసుకుపోయి కూర్చున్న పెళ్లి ఫోటోలే. ఇప్పటికీ అబిడ్స్‌లో నా ముందు నడిచే ఏ ఆడమనిషైనా వెనక్కి తిరగబోతుందనిపిస్తుంది. భయమేసి తల దించుకుంటాను.

మొన్నీమధ్య సార్ పోయాక, నాంపల్లిలో ఒక హాల్లో ఆయన చేసినవన్నీ పెట్టారు. ఆ సినిమా కూడా వేశారు. నా మేనకోడలు వస్తానని పట్టుబట్టి వచ్చింది. వాళ్లమ్మ కదులుతుంటే తను ఎన్నడూ చూడలేదు. చీకట్లో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద అక్క వీపు కనబడింది. నాలుగడుగులు నడిచింది, మెడ తిప్పబోయింది. అంతే, మరుక్షణం బస్సు.

"మామా, అమ్మ ముఖం ఎప్పుడొస్తది?"

"రాదు బిడ్డా. నవ్వింది గని, గాడ సార్ కోసేసిండు," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. బయటికి వస్తూ దండ వేసిన సార్ ఫోటో ముందు కాసేపు నిలబడింది.

"పోనియ్ మామా," అంది. "ఆమె మా అమ్మ అని ఆయనకేం ఎరుక?"

ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యెత్తి ఆటోను పిలిచాను.