సాదలి సిపాయికి నేనిచ్చిన టోపీ

రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం సరిహద్దు కొండ మీదికి మేము చేరింది మధ్యాహ్నం మూడు గంటలకు. వాన, చలి. నాది బాగేపల్లి. స్టోరు నా చేతి కింద ఉండేది. ముప్పైమందికి ఇరవై రెండు ఉన్ని టోపీలే వచ్చాయి. మిగతావాళ్ళకు, ఆసుపత్రికి పోయినవాళ్ళు వదిలేసిన పాతవి ఉడకబెట్టి ఇమ్మని ఆర్డరు. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి.

వైర్‌లెస్ మోసే సిపాయిది మా దగ్గరి సాదలి ఊరు. వాళ్ళది రేష్మె పురుగులు, అంటే పట్టుపురుగులు, పెంచే ఇల్లు. చిన్నప్పుడే పేనుకొరుకుడు వచ్చి నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. "బోడిగుండుకూ మోకాలికీ ముడేద్దామా రా?" అని వంటవాడు రోజూ ఎగతాళి చేసేవాడు. నేనూ నోటి దురుసు మనిషినే గానీ, మా పక్కవాడు కదా, నాకు పాపమనిపించింది. పాతవాటిలో మెత్తటిది ఏరి, ఉడకబెట్టకుండానే, అందరికంటే ముందు వాడికే ఇచ్చాను.

"ఇంక దీన్ని తియ్యనన్నా," అన్నాడు. నిద్రలో కూడా తియ్యలేదు.

ఆరో రోజు పొద్దున బంకర్‌లో వాడి దగ్గర చీము వాసన.

"పొక్కులు లేచినాయా? తలకాయ చూపించు."

"ఏం లేదన్నా. సద్దు వినపడతాండాది, అంతే."

"ఏం సద్దు రా?"

"మా ఇంట్లో పురుగులు ఆకు తింటాండే సద్దు."

వాన చప్పుడేలే అనుకుని బయటికి చూశాను. వాన ఆగి గంటయింది.

ఎనిమిదో రోజు వైద్యం చూసే సిపాయి నీళ్ళతో తడిపి ఆ టోపీ ఊడదీశాడు. నెత్తంతా చీము పొక్కులు, కళ్ళ దాకా వాపు. డోలీలో కిందికి దించుతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, పురుగుకు రోగమొస్తే అది పెరిగిన తట్ట కాల్చాల. లేకుంటే ఇంకో పంటకు అంటుకుంటాది."

జ్వరంలో పలవరిస్తున్నాడనుకున్నాను. పదకొండో రోజు ఉదయం పది గంటలకు వైర్‌లెస్‌లో కబురొచ్చింది. "మీ సాదలి సిపాయి పోయినాడు."

యుద్ధం ముగిశాక శిడ్లఘట్టలో రైలు దిగి, వాడి సామాన్ల మూటతో సాదలికి నడిచాను. వాళ్ళమ్మ గడపలోనే ఆపింది. "కాళ్ళు కడుక్కోప్పా. బయటిది ఏదైనా కడగందే పురుగుల గది దగ్గరికి రానియ్యము."

గది లోపల వాడు చెప్పిన చప్పుడే. మిట్టమధ్యాహ్నం ఎండలో వాన కురుస్తున్నట్టు ఉంది.

ఆమె మూట బయటే విప్పింది. టోపీ తిరగేసి, ఉన్నిలోంచి ఏదో పీకి, వెలుతురుకు పట్టి చూసింది. ఎండిన చీముతో అట్టకట్టిన నల్లటి వెంట్రుకలు.

"మా పిల్లోనికి ఎంట్రుకే లేదు కదప్పా. ఇవి ఎవురివి?"

"స్టోరులో ఇచ్చిన పాత టోపీ, అమ్మా," అన్నాను. ఆ స్టోరు నా చేతి కిందిదేనని చెప్పలేదు. ఈరోజుకీ కళ్ళు మూస్తే, రెండు వేళ్ళ మధ్య ఆ వెంట్రుకలు పట్టుకుని ఆమె నా వైపే చూస్తూ ఉంటుంది.