కాపలా వద్దన్న జడ్జి సారు

మా జడ్జి సారును పోయిన ఆదివారం పొద్దున కడపలో లారీతో తొక్కించి చంపినారు. తొక్కించింది బండల గని గుత్తేదారు. ప్రమాదమని సర్దిచెప్పేటోళ్లను ఒక్కటే అడుగుతాండా: గుద్దిన లారీ రివర్సు గేరేసి మళ్లీ మనిషి మీదికి ఎందుకొస్తాది? జిరాక్సు అంగడి మెట్ల మీద నిలబడి నేను చూసినా. సారు చేతిలోని కాగితాలు రక్తానికి రోడ్డుకు అతుక్కుపోతే, గోటితో గీకి తీసినా.

ఆ అంగట్లోనే నేను పనిచేసేది. గని కూలీల పక్షాన మేం పదిమందిమి పంచే కరపత్రాలు అచ్చేసుకునేదీ ఆడే. సారు ప్రతి ఆదివారం నడుచుకుంటా వచ్చి, చేత్తో రాసుకున్న ఇంగ్లీషు ఉత్తరం టైపు చేయించుకునేవాడు. "కోర్టులో మిషన్లు లేవా సార్?" అని మొదటిరోజు అడిగినా.

"ఉండాయప్పా. అవి కోర్టు పనికి. ఇది నా పని" అన్నాడు సారు. ఆదోని వైపు మనిషి.

ఆ ఉత్తరాలు వేరే దేశంలో జైల్లో పడిన ఒక జడ్జమ్మ కోసం. సర్కారుకు నచ్చని తీర్పిచ్చిందని కోర్టు హాల్లోనుంచే ఈడ్చుకుపోయినారంట. అట్లాంటోళ్ల కోసం పలు దేశాల జడ్జీలు ఒక సంఘంగా కలిసినారు. ఒకరి మీద చెయ్యి పడితే తక్కినోళ్లు ఆ సర్కారుకు, జైల్లో ఉండేటోళ్లకూ రాస్తారు. విచారణ జరిగే చోటికి పోయి వెనక బెంచీలో కూర్చుంటారు.

నాకు ఒళ్లు మండింది. "ఈడ మనుషులను నరుకుతాంటే, యాడో ఉండే ఆయమ్మకు కాగితాలా సార్?"

"జడ్జి కుర్చీ యాడైనా కుర్చీనే. ఆడ విరగ్గొట్టినోణ్ణి చూసి ఈడోడు నేర్చుకుంటాడు. అదట్లుండనీ, రెండో వరుసలో తప్పు కొట్టినావు, దిద్దు."

నరికింది గని కూలీల మేస్త్రీని. గుత్తేదారు మనుషులు పట్టపగలు గొడ్డళ్లతో నరికినారు. గనంతా చూసింది. సాక్ష్యం చెప్తానని ముందుకొచ్చింది మాత్రం అతని భార్య ఒక్కతే. కేసు సారు కోర్టుకే వచ్చింది. ఆ సంగతి రాసిన కరపత్రం సారుకిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా కోర్టులో ఉండే కేసు. ఇంకోసారి దాని ఊసెత్తితే ఈ అంగడి తొక్కను."

ఆమె బోనెక్కిన రోజు బెంచీలనిండా గుత్తేదారు మనుషులే. ఒకడు ఆమెను చూసి గొంతు మీద వేలు గీసుకున్నాడు. సారు వాణ్ణి అప్పటికప్పుడే జైలుకు పంపినాడు. మరుసటి రోజు తెల్లారేసరికి సారు ఇంటి మీద నాటుబాంబు పడింది. గేటు ఊడింది, కుక్క ముక్కలైంది.

పదిమందిమి వేటకొడవళ్లు పట్టుకుని పరిగెత్తినాం. మా సీమలో కాపలా అంటే అదే కదా. సారు మమ్మల్ని లోపలికి రానీలేదు. "ఏమప్పా, వాడికొక గుంపు, నాకొక గుంపా? రేపు నేను రాసే తీర్పును గుంపు మాట అంటారా, కోర్టు మాట అంటారా? ఆ ఇనుము ఇంట్లో పడేసి, టీ తాగాలంటే రాండి."

తిట్టుకుంటా తిరిగొచ్చినాం. పిరికి సారు అన్నది నేనే. ఈ నోటితోనే అన్నా.

ఆ వారమే, సారు ఉత్తరాలు పంపే మా అంగడి మెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. జైలు నుంచి విడుదలైన ఆ జడ్జమ్మ రాసింది. బాంబు సంగతి సంఘమోళ్ల ద్వారా విని, తానేమి చేయాలో చెప్పమని అడిగింది. ఇంకో మాటా రాసింది: "మీ ఉత్తరాలు జైల్లో నాకు ఇయ్యలేదు. కానీ అవి వస్తాండాయని తెలిసినప్పటి నుంచి నన్ను కొట్టడం ఆపినారు."

సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను కాపీ తీసిచ్చినా.

సారును చంపితే కేసు చస్తాదని గుత్తేదారు అనుకుంటాండాడు. కొత్త జడ్జి వచ్చినాడు. సోమవారం గుత్తేదారు లాయరు ఆ మేస్త్రీ భార్యను ప్రశ్నలడిగే రోజు. ఆమె బెదిరి మాట మార్చిందంటే హంతకులు దండలేసుకుని బయటికొస్తారు. ఆ జడ్జమ్మ, ఇంకో దేశం జడ్జి ఒకాయన వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాండారు. కొత్త జడ్జి ఒంటరి కాదని చెప్పేదానికి వాళ్లిద్దరు చాలు. సాక్షికి చాలరు.

ఆ గుత్తేదారు ఇల్లు తగలబెట్టాలని నా చేతులు పీకుతాండాయి. దాచుకోను. అయినా సారు మాట ఈసారన్నా వినాల.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు కడప కోర్టు గేటు కాడికి రాండి. వాళ్లకంటే ముందొస్తే బెంచీలు మనకు దొరుకుతాయి. ఖాళీ చేతులతో రాండి. నినాదాలొద్దు, గుడ్లురమడం వద్దు. ఆమె బోనెక్కి, కొంగు బిగించుకుని, భయంభయంగా హాలు వైపు చూస్తాది. ఏ బెంచీ మీద ఆమె చూపు పడినా, ఆడ మనం ఉండాల.