వెనక్కి తిరగకుండా నేర్పిన వస్తాదు తాత

మంగళవాడ అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, అదీ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఒత్తులు తప్పిపోయినా, రాత వంకర్లు పోయినా మన్నించి చదువుకోండి.

వస్తాదు తాత పోయాడు. పోయిన సోమవారం పొద్దున నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతూ ఉంటే పక్కింటి పెద్దమ్మ వచ్చి చెప్పింది. గరిడి మట్టికి నీళ్ళు చిలకరించి, అలసట తీర్చుకోవడానికి మెట్టు మీద కూర్చున్నవాడు అలాగే గోడకు ఆనుకొని ఉండిపోయాడట.

"నిద్ర పోతాండాడేమో అనుకొని బయటి నుంచే పిలిచినా మే. పలకలా. పిలిస్తే ఆయప్ప పలకకుండా ఎప్పుడన్నా ఉండాడా?" అంది పెద్దమ్మ.

నాకు ఏడుపు వెంటనే రాలేదు. బకెట్టు చేతిలో అట్లాగే ఉంది. అటువంటి ఒళ్ళు కూడా ఒకరోజు ఆగిపోతుందా అని ఆశ్చర్యంగా నిలబడిపోయాను.

ఆ ముసలాయన మీ ఊరికి వచ్చి మీకు కూడా సాము నేర్పిస్తాడా అని మా చిన్నమ్మతో అడిగి పంపారు కదా. ఆ మాట ఆయన చెవిన వేద్దామని అనుకుంటూ ఉండగానే ఇలా అయింది. ఇక ఆయన రాలేడు. ఎలా ఉండేవాడో, ఎలా నేర్పాడో నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మా ఊరు నాగలమడిక దగ్గర. ఇంటి వెనక నిలబడితే పినాకిని ఇసుక కనబడుతుంది. మా ఇంటికీ గరిడికీ నడుమ ఒక మొండిగోడే అడ్డం. గరిడి అంటే మీకు తెలిసిందే, మగపిల్లలు దండీలు, బస్కీలు తీసి కుస్తీ నేర్చుకునే చోటు. లోపల ఆంజనేయస్వామి పటం, గుండు, చెక్క గదలు, ఎర్రమట్టి. ఆడవాళ్ళు లోపలికి పోకూడదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు గోడ మీద వడియాలు ఆరబెడుతూ ఆయన్ని మొదటిసారి చూశాను. తల నెరిసిపోయి ఉంది. మెడ కింద చర్మం వేలాడుతోంది. నేల మీద కూర్చుని మట్టిలో రాళ్ళు ఏరుతున్నాడు. ఏరడం అయ్యాక లేచాడు. చెయ్యి నేలకు ఆనించలేదు, మోకాలు పట్టుకోలేదు, అబ్బా అనలేదు. పొగ లేచినట్టు లేచాడు. వడియాల గుడ్డ చేతిలో ఉండిపోయింది. అప్పటికి నాకు పద్దెనిమిది నిండలేదు, నేనే చెయ్యి ఆనించి లేచేదాన్ని.

తర్వాత వరసగా వానలు తప్పాయి. వేరుశనగ చెట్లు పూత మీదే వాడిపోయేవి. ఊళ్ళో వయసు పిల్లలంతా బెంగళూరుకు ఇళ్ళు కట్టే గారపనికి పోయారు, మా ఆయన కూడా. గరిడి ఖాళీ అయిపోయింది. అయినా తాత దినామూ పొద్దున్నే ఆ మట్టిని తవ్వి, మజ్జిగ చల్లి, పసుపు కలిపి, మెత్తగా చేసి పెట్టేవాడు. ఎవరి కోసమని అడిగేవాళ్ళు కూడా లేరు.

ఆ రోజుల్లోనే మా అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. చిన్నతనం నుంచి కలుపు తీయడం, కాయలు పీకడం, కల్లంలో గొంతుక్కూర్చుని కాయలు ఒలవడం, ఇదే ఆమె బతుకు. మామ పోయినప్పటి నుంచి సేద్యమంతా ఆమెదే. కూర్చుంటే లేవలేదు. గోడ పట్టుకొని, గోళ్ళతో గీరుకుంటూ లేచేది. అది నేను చూస్తున్నాను. కానీ ఆమె ముద్ద తగ్గించడం ఎందుకో నాకు తెలియలేదు.

"అత్తా, సగం ముద్ద ఇడిసిపెట్టినావే?"

"ఆకలి లేదులే మే."

నాలుగైదు రోజులు ఇదే మాట చెప్పి, ఒక మధ్యాహ్నం నా మీద విసుక్కుంది. "తింటే చెంబు పట్టుకొని పోవల్ల. పోతే కూకోవల్ల. కూకుంటే ఎవురు లేపుతారు నన్ను? నువ్వు నా ఎనకాలే వచ్చి చెయ్యిస్తావా? ఆ బతుకు నాకొద్దు. తినకపోతే పీడా పోతాది."

నేను చెయ్యి ఇవ్వడానికి సిద్ధమే. ఆమె తీసుకోవడానికి సిద్ధంగా లేదు. రోజురోజుకూ చేతి ఎముకలు తేలుతున్నాయి. ఇట్లాగే ఇంకొన్నాళ్ళు పోతే మనిషి దక్కదని నాకు భయం వేసింది. ఇటువంటి మాట ఎవరికి చెప్పుకోను? ఊళ్ళో మా ఆయన కూడా లేడు.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి తాత పిలిచాడు. ఆడవాళ్ళతో మాట్లాడవలసి వస్తే ఆయన గోడకు వీపు ఆనించి, గరిడి వైపు చూస్తూ మాట్లాడేవాడు. మా వైపు తిరిగేవాడు కాదు.

"ఏమ్మా కోడలా, మీ అత్త గోడ గీరుకుంటా లేసేది దినామూ ఇనపడతాండె. ఈ నడుమ ఇనపడలా. కూకునేదే మానుకుందా?"

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి అత్తే కేక వేసింది. "నా మోకాళ్ళతో నీకేం పనన్నా? కుస్తీకి రమ్మంటావా ఏంది?"

"నీతో కుస్తీకి దిగితే నా పరువు పోతాది చెల్లెలా. లేసేది నేర్పిస్తా, రా."

"పుట్టినప్పటి నుంచి కల్లంలో వంగి లేసీ వంగి లేసే కదన్నా ఇట్లయినా. ఇంగా నేర్చుకునేది ఏముండాది?"

"వంగేది నేర్చుకున్యావు. లేసేది ఎవురూ నేర్పీలా. పని ఒంటిని వాడుకుంటాది. సాము ఒంటిని చూసుకుంటాది. రెండూ ఒకటి అనుకొని మోసపోయినారు మీ ఆడోళ్ళంతా."

మరుసటి పొద్దున ఆయన మా ఇంటి వెనక కల్లంలోకి వచ్చాడు. గరిడిలోకి ఆడవాళ్ళు పోకూడదన్న కట్టు మేమూ దాటలేదు, ఆయనా దాటమనలేదు. విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మూటను అడ్డంగా పడుకోబెట్టమని నాకు చెప్పాడు. దాని మీద అత్త కూర్చోవాలి, చెయ్యి ఆనించకుండా లేవాలి. అంతే.

అత్త రెండు చెంపలూ వేసుకుంది. "కాయల మూట మీద కూకునేదా? లచ్చిమి మీద? నీకు మతి పోయిందన్నా. నడుము పోతే పోనీ, ఈ పాపం నాకొద్దు."

మన ఇళ్ళల్లో ధాన్యపు మూటకు కాలు తగిలినా కళ్ళకు అద్దుకుంటాం. ఆమె కూర్చోదని నాకు తెలుసు.  తాత మా వైపు తిరగకుండానే వంగి, కల్లంలోని మట్టిని వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకున్నాడు.

"గరిడి మట్టి మాకు దేవుడు. ఆ దేవుని మీదే కాలు పెడతాము, ఆ దేవుని మీదే పడి దొర్లుతాము. మొక్కి తొక్కుతాము చెల్లెలా. నువ్వూ మొక్కి కూకో. నిన్ను లేపితే లచ్చిమికి సంతోషమే గానీ కోపమెందుకు?"

అత్త చాలాసేపు ఆ మూట వైపు చూసింది. తర్వాత దానికి మొక్కి, అంచు మీద, అంటీ అంటనట్టు కూర్చుంది.

ఆయన మాకు వీపు చూపిస్తూ ముందు నిలబడ్డాడు. తన కోసం ఒక రాయి వేసుకున్నాడు. దాని మీద కూర్చుని, మడమలు నేలకు నొక్కి, రొమ్ము ముందుకు వంచి, ఊపిరి వదులుతూ మెల్లగా లేచాడు. వెనక నుంచి మేము చూసి చెయ్యాలి. నేను అత్త పక్కన నిలబడి చేశాను. మేము తప్పు చేస్తే ఆయనకు ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"కోడలా, నీ గాజులు ముందు మోగినాయి. అంటే మోకాలు పట్టుకున్యావు. చేతులు ముందుకు చాపు."

నేను చేతులు చాపాను. మా అత్త చేతికి గాజులు లేవు కదా, ఆమె సంగతి ఎలా అనుకుంటూ ఉండగానే, "చెల్లెలా, ఊపిరి బిగబడతాండావు. బిగబట్టినోళ్ళు లేయలేరు. ఇడువు, నాకు ఇనపడేటట్లు ఇడువు. గాజులు కొందరికే మోగుతాయి, ఊపిరి అందరికీ మోగుతాది" అన్నాడు.

ఇక ఆ మూట సంగతి. అందులో నుంచే దినామూ కొన్ని కాయలు తీసి విత్తనానికి ఒలవమన్నాడు. తీసిన కొద్దీ మూట తగ్గుతుంది. తగ్గిన కొద్దీ అత్త ఇంకాస్త కిందికి కూర్చోవాలి, ఇంకాస్త కింది నుంచి లేవాలి. వాన వచ్చి విత్తే నాటికి మూట ఖాళీ కావాలి. "మూట నేలకు దిగిననాడు నువ్వు గెలిచినట్లు" అన్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు ఈ ఉపాయం, ఇప్పటికీ నాకు వింతగానే ఉంది.

పక్కింటి పెద్దమ్మ మొదట నవ్వింది. "ఏమ్మే, సాము చేసి కొమ్ములు మొలిచినాయా?" అంటూనే నాలుగో రోజు తానూ కొంగు బిగించి వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. ఒక శనివారం అందరూ తలంటుకొని, కొబ్బరికాయలు పట్టుకొని, ఏమీ తినకుండా వచ్చారు. సాము అంటే ఆంజనేయస్వామి మొక్కు, ఉపవాసం ఉండాలి అనుకున్నారు. నడుమ పెద్దమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. తాతకు కోపం వచ్చిన రోజు అదొక్కటే.

"ఉపాసము దేవునికి. మోకాలికి కాదు. తిని రాండి!"

అని గరిడిలోకి పోయి, నానబెట్టిన వేరుశనగ విత్తనాలు, బెల్లం తెచ్చి గోడ మీద పెట్టాడు. కుస్తీ పిల్లలకు పెట్టే తిండి అది. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంతకాలం పండించి, ఒలిచి, అమ్మినవాళ్ళమే గానీ, మా ఒంటి కోసమని పిడికెడు ఎప్పుడూ నానబెట్టుకోలేదు.

టీ అంగడి దగ్గర మగవాళ్ళు ఊరుకోలేదు. "ఏమి వస్తాదూ, మొగోళ్ళు దొరకలేదని ముసిలోళ్ళకి బస్కీలు నేర్పిస్తాండావంట? ఇంగ మేము ముంతలు తోముకోవల్లనా?" అన్నారట. "తోముకోండప్పా. వంగి తోమితే మీకూ మంచిదే" అన్నాడట.

కూలికి వచ్చే ఆడవాళ్ళు కొందరు కల్లం అవతల, కంచె పక్కనే నిలబడి చూసేవాళ్ళు. లోపలికి రారు, మేమూ పిలవలేదు. ఒకరోజు తాత చెయ్యడం ఆపి అన్నాడు, "గాజులు కొన్ని దూరంగా మోగుతాండాయి. దూరంగా ఉంటే నాకు తప్పొప్పులు తెలీవు. వరసలోకి రాండమ్మా." మా అత్త కొంచెం జరిగింది. ఆ పక్కన వాళ్ళు నిలబడ్డారు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ నిలబడాలన్న మాట మళ్ళీ రాలేదు.

మూట ఖాళీ అయిన రోజు ఆకాశం మబ్బు వేసింది. గోనెసంచి మడతపెట్టి నేల మీద పరిచాను. అత్త మొక్కింది. చేతులు ముందుకు చాపి మెల్లగా దిగింది, పూర్తిగా, గొంతుక్కూర్చునేంత దాకా. ఎవరి గాజూ కదల్లేదు. ఆమె తొడలు వణికాయి. నేను చెయ్యి ఇవ్వబోయి ఆగి, కళ్ళు మూసుకున్నాను. అప్పుడు పెద్ద ఊపిరి ఒకటి వినబడింది. కళ్ళు తెరిచి చూస్తే మా అత్త నిలబడి ఉంది.

"లేసినాది" అన్నాడు తాత, అటు తిరిగే.

ఆ ఏడు కూడా వాన సరిగా పడలేదు. విత్తినది సగమే మొలిచింది. కానీ మా అత్త ఆ రోజు ముద్ద పూర్తిగా తిని, ఇంకొకటి అడిగింది. 

పోయిన సోమవారం ఆయన్ని గరిడి ముందు పడుకోబెట్టారు. బెంగళూరు నుంచి పాత శిష్యులు వచ్చారు, మెడలు, భుజాలు తిరిగిన మగవాళ్ళు. మా కల్లం ఆడవాళ్ళమంతా చివర నిలబడ్డాం. మేమెవరో వాళ్ళకు తెలియదు. దగ్గరికి పోయి చూసినప్పుడు నాకు ఒకటి తట్టింది. ఆయన వీపు వెయ్యిమందిలో ఉన్నా గుర్తుపడతాను. ముఖం మాత్రం తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. ఎడమ కనుబొమ్మ మీద పాత గాయపు మచ్చ ఉంది. పెదవులు చిన్నపిల్లవాడివిలా ఉన్నాయి. అందరమూ అలాగే చూస్తూ ఉండిపోయాం.

అత్త ఆయన పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. లేవబోతుంటే ఒక శిష్యుడు వంగి చెయ్యి అందించాడు.

"వద్దు నాయనా. నేనూ మీ వస్తాదు దగ్గరే నేర్చుకున్యా" అని, చెయ్యి ఆనించకుండా లేచింది. ఆ మగవాళ్ళంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు.

అక్కల్లారా, మీ ఇళ్ళల్లోనూ విత్తనపు మూట ఉంటుంది. మొక్కి మొదలుపెట్టండి. వానలు పడ్డాక, మీకు సమ్మతమైతే, నేను వచ్చి ముందు నిలబడతాను. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. కానీ ఆయనలాగా అటు తిరిగి చెయ్యమంటే చేస్తాను.

ఈ ఉత్తరం చదువు వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకు చదివి వినిపించి, వెంటనే పొయ్యిలో పెట్టేయండి. ఆమె చెంబు సంగతి, ఆకలి సంగతి కాగితం మీద పెట్టానని మా అత్తకు తెలిస్తే నా మొహం చూడదు. ఇప్పుడామె ఇంట్లో లేదు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. తెల్లవారగానే, నన్ను లేపకుండా, చెంబు తీసుకొని బయలుదేరింది. గడప మీది నుంచి చూస్తే కనబడుతోంది, పినాకిని ఇసుకలో ఒక్కతే, ఎవరికోసమూ ఆగకుండా నడిచిపోతోంది. చేతిలో చెంబు ఒకసారి ఎండకు తళుక్కుమంది.