ఆ గూట్లోకి ఎండను తెచ్చింది నేను

ఒక ఫోటో నా మెడకు బండలా వేలాడుతోంది. ఏళ్లు గడిచాయి, బరువు తగ్గలేదు. మీరూ దాన్ని చూసే ఉంటారు. వేపకొమ్మ మీద గూడు, గూట్లో నోళ్లు తెరిచిన పిల్లలు, వాటి మీద రెండు రెక్కలూ విప్పి నిలబడిన తల్లి పిట్ట. దానికి 'అమ్మ గొడుగు' అని పేరు పెట్టాను. బహుమతి కూడా వచ్చింది. అమ్మల దినోత్సవం వస్తే చాలు, ఎవరో ఒకరు కింద దండాల బొమ్మలు పెట్టి నా ఫోన్‌కే పంపిస్తారు. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. పంపినవాళ్ల మీద కాదు. అబద్ధమెందుకు, కొంచెం వాళ్ల మీద కూడా. ఆ తల్లి రెక్కలెందుకు విప్పిందని ఒక్కరూ అడగరేం?

ప్రేమతో అంటారు. ఎండకు విప్పింది. ఆ ఎండను గూట్లోకి తెచ్చింది నేను.

ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదు.

అప్పుడు మోకిలలో కొత్తగా ఇల్లు తీసుకున్నాం. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని చేవెళ్ల రోడ్డు పట్టేవాణ్ని. మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ అనే ఊరు దాటాక ఒక మామిడితోట ఉంది, చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపే సేటుది. ఆ తోట గట్టున వేపచెట్టు మీద వంగపండు పిట్టలు గూడు కట్టాయి. మగది నల్ల రెక్కలున్న పసుపు ముద్ద, తల్లిది కాస్త ఆకుపచ్చ కలిసిన పసుపు. సేటు మురిసిపోయాడు. మనవలను తీసుకొచ్చి చూపించాడు. ఆ చెట్టు జోలికి ఎవరూ పోవద్దని తోటలో అందరికీ గట్టిగా చెప్పాడు. మంచి ఫోటో తీసిస్తే పెద్దగా ఫ్రేము కట్టించి దుకాణంలో పెట్టుకుంటానని నన్ను తనే పిలిచాడు.

గూటి ముందు ఆకులు గుబురుగా ఉన్నాయి. ఆ పిల్లలకు అదే చూరు, అదే తలుపు. నాకు మాత్రం అడ్డు. మా ఫోటోగ్రాఫర్లలో దీనికొక ముద్దుపేరు ఉంది, గార్డెనింగ్ అని. గూటి ముందు రెమ్మలు తీసేసి కెమెరాకు దారి చేసుకోవడమన్నమాట. తోటపని అట! దొంగలు కూడా తమ పనికి ఇంత ముచ్చటైన పేరు పెట్టుకోరు. చాలామందిమి చేస్తాం, ఎవరమూ చెప్పం. పైగా బ్యాక్‌గ్రౌండ్ ఎంత క్లీన్‌గా ఉందో అని ఒకరినొకరం మెచ్చుకుంటాం.

ఆ తోట గట్ల మీద రూతమ్మ మేకలు మేపేది. ఆ ఊరామే, వయసు మళ్లిన మనిషి. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లయి, ఫామ్‌హౌసులయి, గోడలు లేచాక సేటు గట్టు ఒక్కటే ఆమెకు మిగిలింది. చేతిలో ఎప్పుడూ దోటి ఉండేది, పొడవాటి కర్ర చివర కొడవలి కట్టింది. దాంతో తుమ్మ రెమ్మలు కోసి మేకలకు వేసేది.

"అవ్వా, జర నీ దోటి ఇస్తవా?" అని అడిగాను.

"మేకల్లేనోనికి దోటెందుకు సారూ?" అని నవ్వింది. నేను వేపచెట్టు వైపు చూపించాను. నవ్వు ఆగిపోయింది. "ఆ చెట్టు జోలికి పోవద్దన్నడు సేటు."

"సేటుకు నేను చెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఇచ్చింది. కొమ్మ కొట్టాను. పడిన ఆకును నేనే ఆమె మేకల ముందు వేశాను, ఏదో దానం చేస్తున్నట్టు.

మధ్యాహ్నానికి ఎండ నేరుగా గూట్లోకి దిగింది. తల్లి వచ్చి రెక్కలు విప్పి పిల్లలకు అడ్డం నిలబడింది. నోరు తెరిచి రొప్పుతోంది. నేను చూశాను. చూసి ఏం చేశాను? షట్టర్ నొక్కాను. పైన ఒక తువ్వాలైనా కట్టాలని తట్టలేదా? తట్టింది. కడితే అలాంటి ఫోటో మళ్లీ దొరకదని కూడా తట్టింది. నా కడుపున పుట్టిన పిల్లలైతే అలా నిలబడి చూసేవాణ్నా?

మర్నాడు వెళ్లేసరికి గూడు ఖాళీ. ఆకుల చాటు పోయింది కదా, కాకులకు దారి దొరికింది. తల్లి చెట్టు చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. కింద సేటు ఉన్నాడు. పైన తెల్లగా కొమ్మ నరికిన చోటు, నేల మీద మేకలు నమిలి వదిలిన వేప పుల్లలు, ఎదురుగా రూతమ్మ చేతిలో దోటి. సేటుకు ఇంకేం కావాలి?

"చెప్తే సమజ్ కాదా నీకు? మేకల కడుపు కోసం పిట్టపిల్లల పానం తీస్తవా?"

"నేను కొట్టలే సేటూ. నా దోటి సారు తీస్కున్నడు. సారునే అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాకేం తెల్వది సేటూ," అన్నాను.

"చేసిందిగాక సారు మీద పెడ్తవా? రేపటి సంది నీ మేకలు ఈ గట్టు ఎక్కొద్దు!"

ఆమె చెప్పిన నిజమే ఆమెకు రెండో తప్పయింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చూశారా, ఆ పని కూడా ఆమె మీదికే నెడుతున్నాను. మేపు లేక మేకలన్నీ అమ్ముకుంది. ఇప్పుడు పూలతోటల్లో కూలికి పోతోంది. ఒకసారి మొయినాబాద్ చౌరస్తాలో షేర్ ఆటోలో కనిపించింది. నన్ను చూసింది.

నేనేం చేస్తున్నానో తెలుసా? శ్రీరంగనీతులు చెప్తున్నాను. చిల్కూరు దగ్గర ఒక బడిలో, గూటి దగ్గర ఆకు కూడా కదపకూడదని పిల్లలకు బోధించాను. చప్పట్లు కొట్టారు, తీసుకున్నాను. సేటు దుకాణంలో గల్లా వెనక ఆ ఫోటో ఉంది. ఇది తీసిన మర్నాడే మేకలామె చేసిన పనికి పిల్లలు పోయాయని వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాడు. నేను పక్కనే నిలబడి టీ తాగిన రోజులున్నాయి. థూ!

ఆ దుకాణానికి వెళ్లి నిజం చెప్తానని మీకు మాట ఇవ్వను. "సేటుకు నేను చెప్పుకుంట" అన్న మాట విలువ ఎంతో మీరు చూశారు. క్షమాపణ అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఇంతదాకా రాశాక గుండెల మీద బండ కొంచెం జరిగింది, ఊపిరి ఆడుతోంది. సారునే అడుగు అన్నది రూతమ్మ. సేటు నా వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు నోట్లోంచి రావలసిన మాట ఇప్పుడు వస్తోంది.

"ఔ సేటూ. కొమ్మ నేనే కొట్టిన."